ఏ వైఫై, ఏ బ్యాండు? రౌటర్ ఎంపిక నుంచి ఛానెల్ అమరిక దాకా

“వైఫై 6 కొనమంటారా, 7 కొనమంటారా?” అని అడిగిన వారిని నేను తిరిగి అడిగేవి రెండే: మీ ఇంటి గోడల మందం ఎంత, ఫోన్లు ఏ సంవత్సరానివి? వీటికి వెంటనే జవాబు చెప్పేవారు తక్కువ. రౌటర్ పెట్టె మీది అంకె మాత్రం అందరికీ కంఠతా వచ్చు.

నిరుడు ఒకే నెలలో రెండు ఇళ్లకు ఒకే రకం రౌటర్ బిగించాను. ఒకటి విజయవాడ పటమటలో మా అపార్ట్‌మెంటు. రెండోది గుంటూరు బ్రాడీపేటలో మా అక్క వాళ్ల పాత ఇల్లు. ఇక్కడ కుదిరిన అమరిక అక్కడ కుదరలేదు. మా ఇంట్లో చిక్కంతా ఇరుగుపొరుగు సిగ్నళ్లతో, అక్కడ చిక్కంతా గోడలతో. కింది వరుస ఆ రెండు ఇళ్లూ నేర్పినదే. మధ్యలో ఏ అడుగూ దాటవేయకండి.

1. ముందు పేర్ల చిక్కు విప్పుకోండి

మీ వైఫై పేరు చివర ‘5జీ’ అని ఉంటే దానికీ మొబైల్ 5జీకీ ఏ చుట్టరికమూ లేదు. మొబైల్ విషయంలో జీ అంటే తరం. వైఫై పేరులో అది 5 గిగాహెర్ట్జ్‌కు పొట్టిపేరు. ‘వైఫై 5’ అనేది మళ్లీ వేరే సంగతి: అది వైఫైలో ఐదో తరం. ఆ ఐదో తరం 5 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేయడం వల్ల గందరగోళం రెట్టింపైంది.

బ్యాండు అంటే సిగ్నల్ నడిచే రేడియో పౌనఃపున్యాల పట్టీ, అంటే దారి. ప్రమాణం (తరం) అంటే ఆ దారిలో నడిచే బండి. 2.4 గిగాహెర్ట్జ్ మన విజయవాడ ఏలూరు రోడ్డు లాంటిది. ఊళ్లో ఎక్కడికైనా తీసుకెళుతుంది, ఎప్పుడు చూసినా రద్దీయే. 5 గిగాహెర్ట్జ్ వెడల్పాటి బైపాస్. వేగంగా పోవచ్చు, కానీ ప్రతి ఇంటి గుమ్మం దాకా రాదు.

ఏ తరం ఏ బ్యాండులో నడుస్తుందో ఇదిగో:

- వైఫై 4: అసలు పేరు 802.11ఎన్, 2009 నాటిది. 2.4, 5 రెండింటిలోనూ.
- వైఫై 5: 802.11ఏసీ, 2013 నాటిది. 5లో మాత్రమే.
- వైఫై 6: 802.11ఏఎక్స్. 2019లో ధ్రువీకరణ మొదలైంది. 2.4, 5 రెండింటిలోనూ.
- వైఫై 6ఈ: వైఫై 6కే 6 గిగాహెర్ట్జ్ బ్యాండు తోడైంది.
- వైఫై 7: 802.11బీఈ. 2024 జనవరిలో ధ్రువీకరణ మొదలైంది. 2.4, 5, 6 మూడింటిలోనూ.

ఇందులో రెండో వరుసను మరొకసారి చదవండి. వైఫై 5 రౌటర్ అని కొన్నదానిలో 2.4 కూడా ఉంటుంది కదా, అది ఏ తరం? వైఫై 4. అంటే మీ పడకగదికి 2.4 మాత్రమే చేరుతుంటే, ఆ గదిలో మీరు వాడుతున్నది 2009 నాటి ప్రమాణమే. 2.4 బ్యాండును మళ్లీ పట్టించుకున్నది వైఫై 6. మందపాటి గోడల ఇళ్లకు నేను వైఫై 6 చెప్పడానికి అసలు కారణం ఇదే, వేగం కాదు.

2. కాగితం తీసి ఇంటి లెక్క రాయండి

అరగంట పని. దుకాణానికి వెళ్లే ముందే ముగించండి.

- ఇంటర్నెట్ ప్లాన్ వేగం ఎంత? 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు, అంటే పన్నెండున్నర మెగాబైట్లు. వంద మెగాబైట్లు అనుకుని వాదించకండి.
- ఎన్ని ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీలు? ఒక్కొక్కటి ఏ తరం వైఫై?
- సీసీ కెమెరాలు, స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు ఎన్ని? వీటిలో ఎక్కువ భాగానికి 2.4 ఒక్కటే తెలుసు.
- ఫైబర్ తీగ ఏ గదిలోకి వస్తోంది? అక్కడి నుంచి దూరపు గదికి మధ్య గోడలెన్ని? నాలుగున్నర అంగుళాలవా, తొమ్మిది అంగుళాలవా?
- మేడ మీద కూడా కావాలా? శ్లాబు ఉంటే ఆ మాట ఎర్రసిరాతో రాయండి.

ఫోను ఏ తరందో తెలియాలంటే మోడల్ పేరుతో తయారీ సంస్థ వివరాల పేజీలో చూడాలి. ఐఫోన్లలో 11 నుంచి వైఫై 6 ఉంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో వైఫై ప్రాపర్టీస్ తెరిస్తే ప్రోటోకాల్ (ప్రమాణం), బ్యాండు, ఛానెల్ (బ్యాండు దారిలో ఒక వరుస) మూడూ కనిపిస్తాయి. అయితే అక్కడి ప్రోటోకాల్ ఆ క్షణాన కుదిరిన భాష మాత్రమే. పాత రౌటర్‌తో కలిసి ఉంటే కొత్త ల్యాప్‌టాప్ కూడా పాత భాషే చూపిస్తుంది.

మా అక్క ఇంట్లో లెక్క తీస్తే ఏడు పరికరాల్లో వైఫై 6 ఉన్నవి రెండు. వైఫై 7 ఒక్కటీ లేదు. బావగారు అప్పటికే వైఫై 7 రౌటర్ బేరమాడి వచ్చారు. ఆపించాను.

3. వైఫై కంటే ముందు కేబుల్, పోర్టు చూడండి

కొత్త రౌటర్ బిగించాక కూడా అక్క ఫోనులో వేగం 94 దాటలేదు. ప్లాను 200. ఏ గదిలో కొలిచినా 94. గోడ దోషమైతే గది మారినప్పుడల్లా అంకె మారాలి. అన్ని చోట్లా 90, 95 మధ్య గీత గీసినట్టు ఆగితే దోషం తీగదని పోల్చుకోండి.

ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది సన్న తీగలుంటాయి. గిగాబిట్ వేగానికి, అంటే 1000 ఎంబీపీఎస్‌కు, ఎనిమిదీ కావాలి. ఒక జత తెగినా, చివర బిగించే ప్లగ్గులో సరిగా కూర్చోకపోయినా చాలాసార్లు లంకె 100కు పడిపోతుంది, చెప్పాపెట్టకుండా. ఫైబర్ పెట్టె నుంచి రౌటర్‌కు వచ్చే మూరెడు తీగ మారిస్తే అక్క ఇంట్లో 190 వచ్చింది. రౌటర్ మార్చినందుకు కాదు, తీగ మార్చినందుకు.

చూడవలసినవి:

- రౌటర్ పోర్టులు గిగాబిట్‌వేనా? చవక రౌటర్లలో గాలిలో 867 అని రాసి, తీగ పోర్టు 100 దగ్గరే ఆపేసినవి ఉన్నాయి.
- కేబుల్ మీద క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 అని ముద్ర ఉందా?
- ల్యాప్‌టాప్‌ను తీగతో కలిపి కొలిచారా? తీగలో రాని వేగం గాలిలో రాదు.

4. పెట్టె మీది అంకెలను విడగొట్టి చదవండి

ఏసీ1200, ఏఎక్స్1500, ఏఎక్స్3000 అనేవి బ్యాండ్ల వేగాలను కలిపేసి గుండ్రంగా చేసిన అంకెలు. మీ ఫోను ఒక సమయంలో సాధారణంగా ఒక బ్యాండులోనే ఉంటుంది కాబట్టి ఆ మొత్తం ఏ ఒక్కరికీ దక్కదు. విడగొడితే ఇలా ఉంటాయి:

- ఏసీ1200: 2.4లో 300, 5లో 867.
- ఏఎక్స్1500: 2.4లో 300, 5లో 1201.
- ఏఎక్స్1800: 2.4లో 574, 5లో 1201.
- ఏఎక్స్3000: 2.4లో 574, 5లో 2402.

ఏఎక్స్1500లో 2.4 పక్కన ఉన్న 300ను గమనించండి. అది వైఫై 4 అంకె. పెట్టె మీద వైఫై 6 అని రాసి ఉన్నా 2.4 వైపు పాత తరమే ఉంచిన మోడళ్లు ఇవి. మందపాటి గోడల ఇంటికి వైఫై 6 కావాలనుకుంటే ఏఎక్స్1800 నుంచి చూడండి. ధరలో తేడా ఉన్నా ఇక్కడ పిసినారితనం వద్దు.

ఏఎక్స్3000లోని 2402 రావాలంటే ఛానెల్ వెడల్పు 160 మెగాహెర్ట్జ్ ఉండాలి, ఫోను కూడా దానికి ఒప్పుకోవాలి. 80 దగ్గరే ఆగే ఫోన్లు చాలా ఉన్నాయి. వాటికి అందేది 1201 లంకె, అంటే ఫోనుకూ రౌటర్‌కూ మధ్య కాగితం మీద కుదిరే వేగం. లంకె వేగంలో చేతికి వచ్చేది సగం నుంచి మూడింట రెండు వంతులు అనుకుంటే నిరాశ ఉండదు.

వైఫై 6లో మరో ఉపయోగం పరికరాలు ఎక్కువున్న ఇంట్లో తెలుస్తుంది. పాత తరాల్లో ఒక్కో చిన్న కబురుకూ ఒక్కో ఆటో కట్టినట్టు ఛానెల్ మొత్తం ఒకరికే ఇచ్చేవారు. వైఫై 6 దాన్ని ముక్కలు చేసి షేర్ ఆటోలా నలుగురిని ఒకేసారి ఎక్కిస్తుంది. పరికరాలు కూడా వైఫై 6వే అయితేనే ఇది సాధ్యం.

5. 6 గిగాహెర్ట్జ్‌కు డబ్బు పెట్టే ముందు

మన దేశంలో 5 గిగాహెర్ట్జ్‌లోని పెద్ద భాగాన్ని 2018 అక్టోబరులో లైసెన్సు అవసరం లేకుండా తెరిచారు. 6 గిగాహెర్ట్జ్‌లో కింది భాగానికి, అంటే 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకు, ఇంటి లోపల తక్కువ శక్తితో వాడుకునేందుకు 2025 మేలో ముసాయిదా నిబంధనలు వెలువడ్డాయి. అమెరికాలో 2020లోనే 5925 నుంచి 7125 దాకా మొత్తం తెరిచారు. వైఫై 7 ప్రకటనల్లో కనిపించే 320 మెగాహెర్ట్జ్ ఛానెళ్లు మనం చెప్పుకున్న ఆ 500 మెగాహెర్ట్జ్‌లో ఒక్కటే పడుతుంది.

కాబట్టి కొనే ముందు రెండు సంగతులు చూడండి. ఒకటి, ఆ మోడల్‌లో భారత అమరికలో 6 గిగాహెర్ట్జ్ తెరిచి ఉందా? రెండు, అసలు ఆ రౌటర్‌లో 6 ఉందా? వైఫై 7 పేరుతో 2.4, 5 మాత్రమే ఉన్నవీ అమ్ముతున్నారు. 320 వెడల్పు 6లోనే సాధ్యం కాబట్టి వాటిలో అది ఉండదు.

మన రెండు ఊళ్లలోనూ తప్పక చెప్పవలసినది మరొకటి: అమెరికా నుంచి వచ్చే పిల్లలు పెట్టెలో సర్దుకొచ్చే రౌటర్. దాని దేశపు అమరిక అక్కడిదే అయి, మార్చడానికి వీల్లేకుండా ఉండవచ్చు. అప్పుడు మనకు అనుమతి లేని పౌనఃపున్యాల్లో ప్రసారం చేస్తుంది. అడాప్టర్ మీద 100–240 వోల్టులు అని లేకపోతే ప్లగ్గులో పెట్టిన క్షణమే దాని ఆయుష్షు తీరుతుంది. ప్రేమగా తెచ్చినదే, కాదనను. రౌటర్ బదులు మరేదైనా తెమ్మనండి.

6. చోటు: బ్యాండు ఎంపిక అసలు ఇక్కడే తేలుతుంది

2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్‌ది అందులో సగం కంటే కాస్త తక్కువ. పొట్టి తరంగం ఇటుకలోనూ కాంక్రీటులోనూ త్వరగా అలిసిపోతుంది. ఒక నాలుగున్నర అంగుళాల గోడ దాటి 5 బాగానే వస్తుంది. తొమ్మిది అంగుళాల గోడలు రెండు దాటితే నీరసిస్తుంది. శ్లాబు దాటి పై అంతస్తుకు వెళ్లడం 2.4కే కష్టం.

రౌటర్‌ను ఇంటికి నడుమ, ఛాతీ ఎత్తుకు పైన, ఖాళీగా ఉన్న చోట పెట్టండి. ఇవి వద్దు:

- టీవీ వెనుక. మా ఇంట్లో నేనే ఆరు నెలలు ఇలా ఉంచాను, తీగలు కనిపించకూడదని.
- ఇనుప బీరువా పక్కన, ఫ్రిజ్ పైన, నిలువుటద్దం వెనుక. లోహం సిగ్నల్‌ను తిప్పికొడుతుంది. అద్దం వెనుక పూత కూడా లోహమే.
- స్టీలు దోమల జాలీ తలుపుకు అవతల. ఆ సన్నటి కన్నాలు తరంగానికి గోడతో సమానం. నైలాన్ జాలీతో ఈ బెడద లేదు.
- మైక్రోవేవ్ పొయ్యి దగ్గర. అది కూడా 2.45 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే పనిచేస్తుంది.
- తలుపులు మూసిన షోకేసులో, అటక మీద. రోహిణీ కార్తెలో రోళ్లే పగిలే ఊళ్లు మనవి, గాలి ఆడని చోట రౌటర్ ఎంతసేపు నిలుస్తుంది? మధ్యాహ్నం మాత్రమే వైఫై తెగిపోతుంటే ముందు దాన్ని ముట్టుకుని చూడండి.

7. అమరికలు, ఈ వరుసలోనే

మొదట ఫైబర్ పెట్టెలోని వైఫై ఆపేయండి. సొంత రౌటర్ బిగించాక కూడా చాలా ఇళ్లలో అది వెలుగుతూనే ఉంటుంది. రెండూ పక్కపక్కన ఒకే ఛానెల్‌లో పోట్లాడుకుంటాయి.

తర్వాత:

- దేశం: భారత్.
- సాఫ్ట్‌వేర్ తాజాపరచి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి.
- భద్రత: డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 (వైఫైకి తాళం వేసే పద్ధతులు) కలిసిన ఎంపిక. టీకేఐపీ అనే పాతకాలపు తాళం ఉన్న ఎంపికను ముట్టుకోవద్దు. దానితో వైఫై 4 కూడా 54 ఎంబీపీఎస్‌కు పడిపోతుంది.
- 2.4: వెడల్పు 20 మెగాహెర్ట్జ్. ఛానెల్ 1, 6, 11లో ఒకటి.
- 5: వెడల్పు 80. ఛానెల్ 36 లేదా 149తో మొదలుపెట్టండి.

ఛానెళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2.4లో మనకు 13 ఛానెళ్లు ఉన్నట్టు కనిపిస్తాయి. వాటి మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో ఛానెల్ వాడుకునే చోటు 20. అందుకే ఒకదానిపై ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మూడే. మూడో ఛానెల్ ఖాళీగా కనిపించిందని అందులోకి వెళ్లే తెలివి చాలామంది చూపిస్తారు. ఒకే ఛానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని వంతులు వేసుకుంటాయి. మూడులో కూర్చుంటే అటు 1లో వాళ్లకూ ఇటు 6లో వాళ్లకూ మీరు రొద, మీకు వాళ్లు రొద. మా హాలులో వైఫై సిగ్నళ్లు కొలిచే యాప్ తెరిస్తే ఇరవైకి పైగా పేర్లు కనిపిస్తాయి. అలాంటి చోట 2.4 వెడల్పు 40 పెట్టడం సందులో లారీ తిప్పడమే.

5లో 52 నుంచి 64 వరకు, 100 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లు రాడార్లతో పంచుకునేవి. రౌటర్ వాటిలోకి వెళ్లే ముందు కనీసం ఒక నిమిషం చెవి ఒగ్గి వినాలి. రాడార్ వినిపిస్తే వెంటనే ఖాళీ చేయాలి. కొన్ని టీవీలకు ఆ ఛానెళ్లు కనిపించవు. పక్కిళ్లన్నీ 36లోనే ఉంటే 149కి మారండి, అప్పటికీ కుదరకపోతే వీటిని ప్రయత్నించండి.

రెండు బ్యాండ్లకు ఒకే పేరు పెట్టాలా, వేర్వేరా? పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇంటికి ఒకే పేరు. కెమెరాలు, బల్బులు ఉంటే వేర్వేరు పేర్లు నాకిష్టం. 5లో ఉన్న ఫోనుతో 2.4 బల్బును జతచేయబోయి గంట పోగొట్టుకున్న రోజు నుంచి ఈ అభిప్రాయం.

8. కొలిచి రాసుకోండి

ఫోను మీది సిగ్నల్ గీతలు చూసి నిర్ణయించవద్దు. యాప్‌లో సిగ్నల్ బలం చెప్పే డీబీఎం అంకె చూడండి. అది మైనస్‌లో ఉంటుంది, సున్నాకు దగ్గరయ్యే కొద్దీ మంచిది. మైనస్ 50 అంటే ఎదురుగా ఉన్నట్టు. మైనస్ 67 దాకా వీడియో కాల్ హాయిగా నడుస్తుంది. మైనస్ 75 దాటితే మాట తెగుతుంది. ప్రతి పది అంకెలకూ సిగ్నల్ శక్తి పదో వంతుకు పడిపోతుంది కాబట్టి 67కీ 77కీ తేడా చిన్నది కాదు.

- తీగతో ఒకసారి.
- రౌటర్ ఉన్న గదిలో 5తో.
- ప్రతి గదిలో 5తో, తర్వాత 2.4తో.
- రాత్రి తొమ్మిదింటికి మళ్లీ. అపార్ట్‌మెంటులో అసలు పరీక్ష ఇదే.

5 మైనస్ 70 కంటే మెరుగ్గా ఉన్న గదుల్లో ఫోన్లు, టీవీ 5లో ఉంచండి. మిగిలిన చోట 2.4.

9. తరచూ వచ్చే చిక్కులు

రౌటర్ పక్కనే ఉన్నా వేగం 40 దాటడం లేదు: ఫోను 2.4లో చిక్కుకుంది. ఆ పేరును మరిచిపొమ్మని ఫోనుకు చెప్పి 5లో కలపండి.

కొత్త రౌటర్ పెట్టాక పాత ప్రింటర్, కెమెరా కలవడం లేదు: డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటారు. 2.4ను డబ్ల్యూపీఏ2కు మార్చి చూడండి.

5 పేరు ఉన్నట్టుండి మాయమై కాసేపటికి వస్తోంది: రాడార్ ఛానెల్‌లో ఉన్నారు. 36కు దిగండి.

సిగ్నల్ బలంగా ఉంది, వేగం లేదు: ఛానెల్ రద్దీ, లేదా మూడో అడుగులోని తీగ.

10. ఒక్క రౌటర్ చాలని ఇంటికి

అక్క ఇంట్లో వీధి గదిలో రౌటర్, వెనుక వంటింటి పక్కన పిల్లల చదువు గది. మధ్య మూడు తొమ్మిదంగుళాల గోడలు. అక్కడ 5 మైనస్ 84, 2.4 మైనస్ 73. ఏ తరం కొన్నా ఆ గోడలు మారవు.

రిపీటర్ పెడదామన్నారు బావగారు. ఒకే బ్యాండులో విని, అదే బ్యాండులో తిరిగి చెప్పే రిపీటర్ వేగాన్ని సగం తినేస్తుంది. పైగా అందరూ దాన్ని సిగ్నల్ లేని గదిలో పెడతారు, అది వినడానికే ఏమీ ఉండదు. తప్పనిసరైతే సగం దారిలో పెట్టండి.

మేము తీగ లాగాం. పక్కన పెట్టిన పాత వైఫై 5 రౌటరే రెండో కేంద్రమైంది. చేసిన వరుస ఇది:

- కరెంటు తీగలున్న పైపులో కాకుండా విడిగా క్యాట్ 6 కేబుల్.
- పాత రౌటర్‌లో యాక్సెస్ పాయింట్ (తీగలో వచ్చినదాన్ని వైఫైగా పంచడం మాత్రమే చేసే) ఎంపిక ఉంటే అది. లేకపోతే దాని ఐపీ చిరునామాను మొదటి రౌటర్ వరుసలోకి, కానీ వేరే అంకెకు మార్చి, పరికరాలకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ ఆపి, తీగను ల్యాన్ పోర్టులో పెట్టాలి.
- రెండింటికీ అవే పేర్లు, అదే పాస్‌వర్డ్, అదే భద్రత ఎంపిక.
- ఛానెళ్లు మాత్రం వేరు: ముందు గదిలో 1, 36, వెనుక 11, 149.

చదువు గదిలో ఇప్పుడు 5 మైనస్ 48. బావగారు వైఫై 7 కోసం పక్కన పెట్టిన డబ్బులో కేబుల్‌కూ కూలికీ పోగా మిగిలినదానితో రౌటర్‌కూ ఫైబర్ పెట్టెకూ కలిపి చిన్న యూపీఎస్ ఒకటి కొన్నారు. మీరు కొనేటప్పుడు ఆ రెండు అడాప్టర్ల మీది వోల్టులు, ఆంపియర్లు రాసుకుని వెళ్లండి. రౌటర్లలో ఎక్కువ భాగానికి 12 వోల్టులే అయినా 9 వోల్టులవీ ఉన్నాయి.